కుండీలోని మ్రాను – కొండమీది మ్రాను



ఈ మధ్య ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో మిద్దెలమీదను వసారాలలోను ఒక క్రొత్త ముచ్చట కానవచ్చుచున్నది. పళ్ళెమువంటి కుండీ; అందులో మూరెడు ఎత్తుగల రావియో, జువ్వియో, చింతయో. ఎత్తు మూరెడే యైనను రూపు మాత్రము నూరేండ్ల ముదిచెట్టుది. మొదలు లావు, బెరడు ముడుతలు, క్రిందికి వాలిన కొమ్మలు, నేలను పిడికిట పట్టినట్లున్న వేళ్ళు. దీనిని జపాను భాషలో బోన్సాయ్ అందురు. 'బోన్' అనగా పళ్ళెము, 'సాయ్' అనగా నాటుట. మనవారు దీనికి వామనవృక్షమని పేరిడిరి. పేరు ఇంపుగానే యున్నది గాని అది ఎంతవరకు తగునో నాకు సందేహమే. వామనుడు పెరిగి లోకములను కొలిచినవాడు; ఈ చెట్టు జానెడు పెరిగినచో మనము కత్తెర పట్టుదుము.

"లింగధారి ఇట్టి చెట్టును పెంచవచ్చునా? ఇది జీవహింస కాదా?" అని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను నేను తప్పించుకొనను. కాని దానికంటె ముందు అడుగవలసినది మరియొకటి కలదు. చెట్టుకు ముదిమి యనునది ఎక్కడనుండి వచ్చును? దానిని మనుష్యుడు చేతితో తెచ్చిపెట్టగలడా? తెచ్చిపెట్టినచో అది నిజమా, వేషమా? మెడలో లింగమును, నొసట విభూతిని, చేత రుద్రాక్షను ధరించు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కుండీని చూచి అడిగిన ప్రశ్నయే అద్దమును చూచియు అడుగవలసియున్నది.

ఈ కళకు మూలము చీనా దేశము. క్రీ.శ. 706 నాటి టాంగ్ రాకుమారుడు ఝాంగ్ హువాయ్ సమాధి గోడలపై, చిన్న మొక్కలను రాళ్ళను అమర్చిన పళ్ళెములు చేతబట్టిన పరిచారకుల చిత్రములు కలవు. అచ్చటినుండి జపానునకు చేరి, అక్కడ శతాబ్దముల తరబడి సానపట్టబడి, రీతులుగా ఏర్పడినది. నిటారుగా నిలుచునది చొక్కాన్, ప్రక్కకు వాలినది షాకన్, కొండచరియనుండి క్రిందికి వ్రేలాడునది కెంగాయ్, గాలివాటుకు ఒకే దిక్కునకు ఒరిగినది ఫుకినగాషి, రాతిని వేళ్ళతో కౌగిలించుకొన్నది సెకిజోజు. ఈ పేళ్ళు తోటలో కూర్చుండి కల్పించినవి కావు. మంచు కురియు కొండలమీదను, సముద్రపు గాలి కొట్టు గట్లమీదను నిలిచిన పైన్ చెట్లను, జూనిపర్ చెట్లను తేరిపార చూచినవారు పెట్టిన పేళ్ళు. కొండ మొదటిది, కుండీ రెండవది. ఈ వరుసను మరచినచోటనే తప్పంతయు మొదలగును.

చెట్టు ముదియు తీరును కొంచెము వివరింతును. లేతచెట్టుకు తల ఒక్కటే. కొనయందలి చిగురు క్రింది మొగ్గలను అణచి తాను పైకి పోవును. కొమ్మలును దాని వెంట ఆకసమువంకకే చూచుచుండును. ఏండ్లు గడచుకొలది అంత ఎత్తునకు నీటిని ఎక్కించుట చెట్టుకు భారమగును. కొన పరుగు మందగించును. అప్పుడు ప్రక్క కొమ్మలు చేతులు చాచును, తల గుండ్రనగును, మరికొంత కాలమునకు చదునగును. క్రింది కొమ్మలు తమ బరువునకు తామే వంగును. వాన మన్నును కడిగివేయగా వేళ్ళు బయల్పడును. లోపలి కొయ్య లావగుకొలది పైనున్న పాత బెరడు సాగలేక బీటలు వారును. విరిగిన కొమ్మ మొదట కాయము తొర్రయగును. ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క కారణము కలదు. ముదిచెట్టు రూపమనునది అలంకారము కాదు. అది అనుభవించిన ఎండకు, గాలికి, కరువునకు వ్రాసి యుంచిన లెక్క.

బోన్సాయ్ శిల్పి ఈ గుర్తులనే చేతితో కల్పించును. మ్రానును నరికి, ప్రక్క కొమ్మను తలగా చేసి, అది లావైన పిదప దానిని మరల నరికి, మొదలు లావుగను కొన సన్నముగను వచ్చునట్లు చేయును. తీగ చుట్టి కొమ్మను క్రిందికి దించును. మన్ను తీసి వేళ్ళను పైకి చూపును. ప్రొద్దుటూరు కంసాలికి ఈ తీగ రహస్యము విడమరచి చెప్ప నక్కరలేదు. రాగితీగను ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినచో మెత్తనై చెప్పినట్లు వినును. ఒకసారి వంచిన పిదప బిగిసి గట్టిపడి, వంగిన రూపమును విడువదు. బంగారపు పనిలో దినమునకు పదిమార్లు చూచు గుణమే ఇక్కడ కొమ్మను నిలిపి ఉంచుచున్నది.

ఇక అసలు విషయమునకు వత్తము. గుర్తును తెచ్చువాడు దాని కారణమును ఎరిగి తెచ్చుచున్నాడా, లేక పుస్తకములోని బొమ్మను చూచి తెచ్చుచున్నాడా?

మనవారు పెంచు చెట్లలో అధిక భాగము రెండవ త్రోవ పట్టినవని చెప్పక తప్పదు. మంచు దేశపు పైన్ కొమ్మలు క్రిందికి వాలుటకు ఏటేట వానిపై పడు మంచు బరువు ముఖ్య కారణము. కడప జిల్లాలో మంచు ఎక్కడిది? ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటు ఇటుగా కురియు వాన తప్ప మన చెట్టుకు వేరు సంపద లేదు. వేపచెట్టు ముదిసినను దాని పెద్దకొమ్మలు పైకి లేచియే యుండి, తల గొడుగువలె విచ్చుకొనును. చింత గుండ్రని గుమ్మటమై, కొనలు మాత్రము నేలవంకకు జారవిడుచును. ఈ రెండింటిని పట్టుకొని పైన్ చెట్టు అచ్చులో పోయువాడు వేపకును చింతకును ఇరుగుపొరుగు దేశపు చొక్కా తొడిగినవాడే. ఐరోపాలో వాల్టర్ పాల్ అను శిల్పి ఈ మాటనే తమ దేశపు ఆకురాల్చు చెట్ల విషయమున గట్టిగా చెప్పుచు వచ్చినాడు. దక్షిణాఫ్రికా వారు తమ బావోబాబును, చదును తల తుమ్మను చూచి తమ రీతులు తాము ఏర్పరచుకొనిరి. 1914లో అమెరికాలో పుట్టిన జపానువారి బిడ్డ జాన్ నాకా, కుండీలోని చెట్టు బోన్సాయ్‌వలె కాక చెట్టువలె కనబడవలెనని జీవితాంతము శిష్యులకు బోధించెను.

కొమ్మ చివర బెరడు ఒలిచి ఎండుకొయ్యను వెండివలె మెరయించుట జపాను రీతిలో గొప్ప అలంకారము. జూనిపర్ కొయ్యలో జిగురు కలదు. ఎండిన కొమ్మ ఎన్నో ఏండ్లు చెడక నిలుచును. ఆ దేశపు కొండమీద అది నిజము. మన రావిచెట్టుమీద అది అబద్ధము. రావికొయ్య మెత్తనిది, కొమ్మ ఎండినచో నాలుగు వానలకు నాని, చెదలు పట్టి, రాలిపోవును. మన చెట్టు ముదిమికి గుర్తు వెండికొమ్మ కాదు, తొర్ర. ముదిచింత తొర్రలో పిల్లలు దాగుడుమూతలాడుట మీరు చూచినదే. నడిమి చేవ అంతయు పోయినను బెరడుక్రింది పలుచని పొర నీటిని మోయుచుండుటచే చెట్టు ప్రతి ఏడు చిగురించుచు, కాయుచు ఉండును. లోపల ఖాళీయైనను బ్రతుకు తగ్గలేదు. కుండీలోని చింతకు ముసలితనము కావలెనన్నచో ఆ తొర్రను అధ్యయనము చేయవలెను.

జమ్మలమడుగునకు పడమట గండికోటయొద్ద పెన్న కొండను కోసికొని పోయిన లోయ అంచున నిలిచి చూడుడు. రాతి బీటలలోను, శిథిలమైన గోడలమీదను రావిజాతి చెట్లు పట్టుకొని యుండును. పిడికెడు మన్ను లేదు. వేరు మొదట నీటికై రాతి పగులువెంట దిగి, తరువాత లావై ఆ రాతినే తన పీటగా చేసికొన్నది. సెకిజోజు అను రీతిని నేర్చుకొనుటకు జపాను పోనక్కరలేదు. గాలికి ఒరిగిన చెట్టును కూడ ఇట్టి గట్లమీదనే చూడవలెను. ఆషాఢమాసపు పడమటి గాలి దువ్వెనవలె కొమ్మలను దువ్వి ఒక ప్రక్కకు త్రిప్పినదని మనము తలంతుము. అది సరికాదు. గాలి ఎదురుగా కొట్టు ప్రక్కన మొగ్గలు విచ్చీ విచ్చకమునుపే ఎండి చచ్చును. చాటున నున్న ప్రక్కన మొగ్గలు బ్రతికి కొమ్మలగును. ఒరుగుట వెనుక అనేక మొగ్గల మరణము కలదు. అందుచే గాలివాటు చెట్టును చేయువాడు కొమ్మలన్నిటికి తీగ చుట్టి తూర్పునకు త్రిప్పినంత మాత్రమున పని కాదు. పడమట ప్రక్కన చచ్చిన మొండెలను, ఆ ప్రక్కన నేలను గట్టిగా లాగిపట్టిన వేళ్ళను చూపవలెను. అవి లేనిచో చూచువాని కంటికి ఏదో కొరత తోచును. ఏమి కొరతయో చెప్పలేకపోవచ్చును గాని తోచును. భక్తి లేని భస్మమును చూచినప్పుడు తోచు కొరతయు ఇట్టిదే.

మరియొక సంగతి. గాలికి ఊగిన మొక్క పొట్టిగా పెరిగి మొదలు లావగును. ఊగకుండ గుంజకు బిగించి కట్టిన మొక్క పొడుగ్గా, సన్నగా పెరిగి, గుంజ తీసిననాడు వంగిపోవును. పిల్లలను పెంచువారు దీనిని గమనింతురు గాక.

గండికోటకు పోలేనివారు మేకలు తిరుగు బీడులకు పోయి రేగుపొదను చూడవచ్చును. మోకాలెత్తు మించదు, మొదలు చూచినచో మణికట్టంత లావు. చిగురు వేసినప్పుడెల్ల మేక కొరికివేయగా అది ప్రక్కలకు పరచుకొని, చిక్కబడి, గట్టిపడినది. బోన్సాయ్ కత్తెరకు గురువు మేకయే. ఆ పొద చుట్టును కంచె వేసి రెండు మూడేండ్లు మేకలను రానీయకున్నచో నడుమనుండి ఒక కొమ్మ లేచి నిలువెత్తు దాటును. రేగు పొట్టిది కాదు. దాని బ్రతుకు దానిని పొట్టిగా ఉంచినది. కుండీలోని రావియు అంతే. దానిని తీసి నేలలో నాటినచో తన తాతవలె పెరుగును. దాని గింజలో మరుగుజ్జుతనము లేదు, కుండీలో కలదు. మనుష్యులను పుట్టుకచే పొట్టివారని నిర్ణయించి, తరతరములుగా చిన్న కుండీలో నిలిపి, "చూడుడు, వీరు పెరుగువారు కారు" అన్న లోకమును 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు నిలదీసెను. మాదార చెన్నయ్యను తన పెద్దగా చెప్పుకొనెను. దానికి మూల్యమేమో, హరళయ్య మధువరసుల కథ ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. నేడును మన సంఘములో కుండీలు మిగిలియున్నవి. ఈ మాటను ఇంతటితో విడుతును గాని మరువను.

పులివెందుల ప్రాంతపు చీనీ రైతును అడిగినచో కష్టమునకు కొలత యుండునని చెప్పును. పూత రావలెనని కొన్నాళ్ళు నీరు నిలిపి చెట్టును వాడబెట్టును. ఆకు వాడి కొంత రాలువరకు చూచి, సరియైన నాడు నీరు విడుచును, చెట్టంతయు పూయును. నాలుగు దినములు ముందు విడిచినచో పూత రాదు. నాలుగు దినములు ఆలసించినచో చెట్టే ఎండును. ఆ కొలత పుస్తకములో లేదు, ఆకును చూచు కంటిలో కలదు. కుండీలోని చెట్టుకు కష్టమును ఇచ్చువానికి ఈ కన్ను కావలెను. లేనివాడు కత్తెర ముట్టకుండుటయే దయ.

పులివెందులకు దక్షిణముగా కదిరి తాలూకా ప్రాంతమున గూటిబయలువద్ద తిమ్మమ్మ మర్రిమాను కలదు. ఒకే చెట్టు 5 ఎకరాలకు అటు ఇటుగా వ్యాపించినది. 1989లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. 1434లో సహగమనము చేసిన తిమ్మమ్మ చితి గుంజయే చిగురించి ఈ మానైనదని అక్కడివారి నమ్మకము. ఆ చెట్టుక్రింద నిలిచినవాడు "అసలు మొదలు ఏది?" అని వెదకును. ఊడలు దిగి, నేల తాకి, మ్రానులై, ఆ మ్రానుల కొమ్మలు మరల ఊడలు దింపగా మొదలు కొన అను మాటలకే అర్థము తప్పినది. కలకత్తాకు ఎదుట హౌరా శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానములోని మహావటమును చూడుడు. 1864, 1867 నాటి తుపానులలో దెబ్బతిని, తెగులు పట్టిన దాని అసలు మొదలును 1925లో కోసి తీసివేసిరి. చెట్టు చావలేదు, ఊడలమీద నిలిచి నేటికిని విస్తరించుచున్నది. ఇప్పుడు చెప్పుడు. మొదలు లావు, కొన సన్నము, ఒక్కటే తల అను పైన్ చెట్టు శాస్త్రమును మర్రికి ఎట్లు వర్తింపజేయుదురు? మర్రి ముదిమి ఎత్తులో లేదు, సన్నబడుటలో లేదు; తన భారమును పిల్లలకు పంచుటలో కలదు. కుండీలో మర్రిని పెంచువాడు కొమ్మలను అడ్డముగా దూరము సాగనిచ్చి, ఊడలు నేలకు దిగువరకు వేచియుండవలెను. మన ఎండగాలికి ఊడ కొన మాడిపోవును గనుక తేమ గల నీడపట్టున ఉంచి, లేతయూడను సన్నని గొట్టములోనుండి మట్టికి దింపుట ఒక ఉపాయము. ఇందుకు ఏండ్లు పట్టును. తొందరపడువాడు బజారునుండి దుంపవేళ్ళ చెట్టును కొనును. జువ్వి గింజను మొలిపించి, వేరు దుంపవలె ఉబ్బిన పిదప దానిని పైకెత్తి, మీద వేరు జాతి కొమ్మను అంటుకట్టి అమ్ముచున్నారు. కొండమీద అట్టి చెట్టు ఎక్కడను లేదు. వాపును చూచి బలుపనుకొను వారికై చేసిన చెట్టు అది.

ఇంతవరకు విన్నవారు, "అట్లైనచో గుర్తులన్నియు వేషమే, విభూతియు వేషమే యందురా?" అని నన్ను నిలదీయవచ్చును. అట్లనను. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో వంకాయలు లింగములైన కథను మీరెరుగుదురు. భక్తి లేనివారు కొందరు బసవని ఇంట ఆదరమునకు ఆశపడి వంకాయలను గుడ్డలో చుట్టి లింగములవలె కట్టుకొని వచ్చిరి. పూజవేళ విప్పి చూడగా అవి లింగములే యైనవి. నేను ఈ కథను ఎన్నోమార్లు తలచుకొందును. వేషము వేషముగానే వచ్చినది. కాని అది వచ్చి చేరిన ఇల్లు దానిని వేషముగా మిగులనీయలేదు. కుండీలోని చెట్టునకు జరుగునదియు ఇదియే. తీగ చుట్టి కొమ్మను దించిన మొదటి దినమున ఆ వాలు శిల్పిది, చెట్టుది కాదు. కొన్ని మాసములకు తీగ విప్పుదురు. అప్పటికి కొయ్య ఆ వాలునందే క్రొత్త పొరను వేసికొన్నది. పదేండ్లకు బెరడు దానిమీద నిజముగా ముడుతలు పడును. ముప్పదియేండ్లకు అది ఎవరో వంచిన కొమ్మ కాదు. చెట్టు తన ఒంటిమీద మోసిన కొమ్మ. అరువు తెచ్చుకొన్న ముదిమి నిజమైన ముదిమి యగును, నడుమనున్న దినములన్నియు ఎవరో ఒకరు నీరు పోసియుండినచో.

ఆ నీరు పోయుటయే కష్టము. మన జిల్లాలో ఎండకాలమున వేడి 40 డిగ్రీలు దాటి పోవును. నాలుగంగుళముల లోతుగల పళ్ళెములోని మన్ను ఉదయము తడిపినది సాయంకాలమునకు పొడియగును. పెండ్లికని కర్నూలు పోయి రెండు దినములు ఆలస్యమైనచో ఇరువది యేండ్ల చెట్టు ఇక లేదు. నిత్యము ఇష్టలింగమును కరస్థలమున నుంచి పూజించు నియమము గల ఇంటివారికి ఈ కాయకము పట్టుపడునని నా నమ్మకము. అరచేతిలో ఇమిడిన ఇష్టలింగము గుడిలోని స్థావరలింగమునకు చిన్న బొమ్మ కాదని పెద్దలు చెప్పుదురు. అది కొలతకు అందని దానిని కంటియెదుట నిలుపుకొను స్థానము. కుండీలోని చెట్టు కూడ పెద్దచెట్టును కొలబద్దతో కుదించిన బొమ్మ కాదు. పెద్ద చింతకు ఆకులు లెక్కకు మిక్కిలి. దీనికి పదిపన్నెండు కొమ్మలే. ఆ కొద్దిలో చెట్టు అనిపించవలెను. ఇంకొక విచిత్రము కలదు. కుండీ ఇరుకునకు ఆకు చిన్నదగును. పువ్వు చిన్నది కాదు, కాయ చిన్నది కాదు. మూరెడు దానిమ్మకు కాసిన కాయ పెద్దచెట్టు కాయ అంతయే యుండును. అందుకే చెట్టు బలమును చూచి ఒకటి రెండు కాయలను మాత్రమే ఉంచి తక్కినవి త్రుంచుదురు.

గుర్తులను గూర్చి ఇంత చెప్పిన పిదప గుర్తే లేని ఒక చెట్టును గూర్చి చెప్పవలెను. అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరములోని జాతీయ వృక్షోద్యానమునకు 1976లో జపాను దేశము కొన్ని బోన్సాయ్ చెట్లను కానుకగా పంపెను. వానిలో ఒక తెల్ల పైన్ చెట్టు హిరోషిమావాసియైన మసారు యమాకి ఇచ్చినది. 1625 మొదలు కుండీలో పెరుగుచున్నది. ఇరువదియైదేండ్లు దానికి నీరు పోసినవారికిని, చూడవచ్చినవారికిని అది అందమైన ముదిచెట్టు మాత్రమే. 2001లో యమాకి మనుమలు ఇద్దరు దానిని చూడవచ్చి ఒక మాట చెప్పిరి. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిననాడు ఆ చెట్టు, పడినచోటికి మూడు కిలోమీటర్ల దూరమున, యమాకి ఇంటి గోడచాటున నుండెను. కిటికీల అద్దములు పగిలి ఇంటివారికి గాయములైనవి; చెట్టు నిలిచినది. ఆ చెట్టును ఏ దేశము ఆ బాంబును వేసెనో ఆ దేశమునకే ఇచ్చినప్పుడు యమాకి ఆ సంగతిని వారితో అననే లేదు. మ్రానుమీద దానికి గుర్తు లేదు. గాలికి ఒరిగిన చెట్టు తన కథను ఒంటిమీద చూపును. ఈ చెట్టు చూపలేదు. ఎవరి కష్టమైనను పైకి కనబడి తీరునని తలచు మనకు ఇది గట్టి ఎదురుదెబ్బ. ఎదుటివాని మెడలోని గుర్తును చూచి అతని ఆచారమును తీర్పు చెప్ప బూనునప్పుడెల్ల నాకు ఈ చెట్టు తలపునకు వచ్చును.

ఇక మొదటి ప్రశ్న. హింసయా, కాదా? దయయే ధర్మమునకు మూలమన్న మార్గమున నడచువారు దీనిని తేలికగా త్రోసివేయరాదు. నా నిర్ణయమిది. కొమ్మ కత్తిరించుట, రెండు మూడేండ్లకొకమారు కుండీ మార్చి ముదివేళ్ళను కోయుట హింస కాదు. కోసినచోట లేతవేళ్ళు పుట్టి చెట్టు బలపడును. కొండమీది దాని తోబుట్టువుకు మేకవలనను, ఎండవలనను కలుగు బాధ ఇంతకు మించినది. కాని మూడు చోట్ల హింస కలదు. తీగ చుట్టి మరచుట. కొమ్మ లావై తీగ కండలో దిగబడును, ఆ మచ్చ ఏండ్లకుగాని పోదు. నియమము కూడ ఇట్టిదే, పని ముగిసిననాడు విప్పనిచో కోయును. రెండవది, ఎండలో బ్రతుకవలసిన రావిని తెచ్చి ఇంటిలోపల టీవీ ప్రక్కన అలంకారముగా నిలుపుట. మూడవది అన్నిటికంటె పెద్దది. కొండమీద యాబదియేండ్లు రాతితో పోరాడి ముదిసిన చెట్టును "సిద్ధముగా దొరికినది" అని గడ్డపారతో పెకలించి తెచ్చుట. జపానులోను ఐరోపాలోను అనుమతి పొంది, సంవత్సరములు ముందుగా వేళ్ళను సిద్ధపరచి, కొండచెట్లను తెచ్చు నిపుణులు కలరు. మన ఎండలో, మన తొందరలో తెచ్చిన చెట్లు చచ్చుటయే సాధారణము. లంకమల, పాలకొండ, శేషాచల పర్వతములు ఎఱ్ఱచందనమునకు పుట్టినిండ్లు. 1995నుండి దానిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చిరి; అడవినుండి దాని మొక్కనైనను తెచ్చుట నేరము. నేరము కాకున్నను తగదు. ముదిమిని సంపాదింపక దోచుకొనుట అది. ఒకరి తపస్సును మరియొకరు మెడలో వేసికొని తిరుగుట ఎట్టిదో ఇదియు అట్టిది.

అట్లైనచో మొక్క ఎక్కడిది? వెదకనక్కరలేదు. గుడి గోపురముమీదను, మిద్దె పిట్టగోడ పగులులోను, తూము ప్రక్కనను కాకి వేసిన గింజనుండి రావి, జువ్వి, మేడి మొలచి యుండును. గోడను చీల్చునని భయపడి ప్రతి వానకాలమునకు ముందు మేస్త్రీని పిలిచి తీయింతుము. రెండు మూడేండ్లు ఇటుకల నడుమ నిలిచిన ఆ మొక్క వేరు అప్పుడే వంకరలు తిరిగి, రాతిని పట్టు నేర్పు నేర్చుకొని యుండును. మేస్త్రీతో ఒక మాట చెప్పియుంచుడు, వేరు తెగగొట్టక సున్నము నెమ్మదిగా రాల్చి తీయవలెనని. తడిగోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, ఆకులు చాలవరకు త్రుంచి, ఇసుక కలిపిన మన్నులో, మొదట పగిలిన బానలోనైనను సరే, నాటుడు. తీగయు కత్తెరయు ఏడాదివరకు ముట్టవద్దు. అంతలో ఒకమారు గండికోట పోయి, దాని పెద్దలు రాతిమీద ఎట్లు కూర్చున్నారో చూచిరండు.